శుక్రవారం మాత్రమే షాక్ కొట్టే కారు

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన రోజున మావాళ్లు శాలువా కప్పి, మెడలో దండ వేసి, ‘మస్తాన్ గారి అనుభవం మాకు తరగని ఆస్తి’ అని మైకులో చెప్పారు. ఆ మైకు సభ జరిగినంతసేపూ గీపెడుతూనే ఉంది. ఎర్త్ సరిగా లేదు. కరెంటాఫీసులో జరిగే సన్మానానికే ఎర్త్ లేకపోతే ఊళ్లో ఇళ్ల సంగతి చెప్పాలా? పోనీలే అనుకుని దండ తీసి మేకకు వేసి, మా ఊరు కోటలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ తరగని ఆస్తిని మర్నాటి నుంచి ఒక్కరూ ముట్టుకోలేదు.

తర్వాత రొయ్యలు కలిసొచ్చి మా చుట్టుపక్కల ఊళ్లలో ఎలక్ట్రిక్ కార్లు దిగాయి. కొనేటప్పుడు రంగు చూశారు, అద్దాల పైకప్పు చూశారు, ముహూర్తం చూశారు. ఇంట్లో ఎర్త్ ఉందా లేదా అని మాత్రం ఒక్క మహానుభావుడూ చూడలేదు. కారు ఇంటికొచ్చి, టెంకాయ కొట్టి, ప్లగ్గు పెట్టాక ఎర్రలైటు వెలుగుతుంది. అప్పుడు షోరూముకు ఫోన్ చేస్తారు. వాళ్లు ‘కారు బాగుంది, మీ ఇంటి కరెంటు బాగాలేదు’ అంటారు. కరెంటాఫీసుకు చేస్తారు. వాళ్లు ‘మీటరు దాకా మాది, ఆపైన మీది’ అంటారు. వైరింగ్ చేసినవాడికి చేస్తారు. వాడు ఫోన్ ఎత్తడు. అందరూ అయిపోయాక నాకు చేస్తారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ‘సార్, కార్ చార్జింగ్ సమస్యలు ఎలా పట్టుకోవాలి’ అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి చెప్పను. వాటికి వేరే విద్య కావాలి, అది నాకు రాలేదు.

కారు జబ్బులన్నీ కారువి కావు

మా పనిలో సగం కరెంటును పట్టుకోవడం, సగం అబద్ధాన్ని పట్టుకోవడం. కరెంటే నయం. టెస్టర్ పెడితే ఒప్పుకుంటుంది.

నాయుడుపేటలో ఒక షాపు యజమాని కారు ప్లగ్గు కాలిపోయిందని పిలిచాడు. వెళ్లి చూస్తే వంటింటి కిటికీలోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడుతోంది. మిక్సీకి, సెల్‌ఫోన్లకు వాడే సన్న వైరు. దాని చివర ఏనుగంత కారు. బాక్స్ కరిగి అట్టులా అయిపోయింది. ‘నాసిరకం బాక్స్ సార్, మోసం చేసినారు’ అని ఆయన బాధ. నిజమే, మోసం జరిగింది, కాకపోతే జరిగింది ఆ బాక్సుకు. కారు చార్జింగ్ అంటే వేడినీళ్ల గీజరును రాత్రంతా ఆపకుండా వేసి ఉంచడం లాంటిది. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు వైరు, విడిగా ఎంసీబీ, గట్టి పవర్ ప్లగ్గు ఉండాలి. చార్జింగ్ పెట్టిన గంటకు ప్లగ్గు మీద చెయ్యి వేస్తే కొంచెం వెచ్చగా ఉండొచ్చు. చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడిగా ఉంటే వెంటనే ఆపాలి. ఇందులో పెద్ద చదువేమీ లేదు, చెయ్యి ఉంటే చాలు.

ఇంకో ఊళ్లో సాయంత్రమైతే కారు చార్జింగ్ నత్తనడక నడుస్తోందన్నారు. పొద్దుగూకగానే ఊరి చుట్టూ ఉన్న రొయ్యల గుంటల్లో ఎరేటర్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలుపెడతాయి. రొయ్యలకు గాలి కావాలి కదా. ఊళ్లోకి వచ్చే ఓల్టేజి కాస్తా వాటికి పోతే కారుకు మిగిలేది ఏముంది? ఆ ఇంటివాళ్లు కారుకు గుమ్మడికాయతో దిష్టి తీశారు. దిష్టి తీయడాన్ని నేను తప్పు పట్టను. కానీ తీయాల్సింది ఎరేటర్లకు. మధ్యాహ్నం చార్జింగ్ పెట్టుకోమని చెప్పి వచ్చేశాను. అంత చిన్న మందు చెప్పినందుకు వాళ్లకు నా మీద నమ్మకం పోయింది. ఏదో ఒకటి విప్పి, ఏదో ఒకటి మార్చి ఉంటే గొప్ప మెకానిక్ అనేవాళ్లు.

కాళ్లు చూసే ఆఫీసర్

నాకు పని నేర్పిన అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ, ఒకాయన ఉండేవాడు. ఆయన నోరు తెరిస్తే చుట్టుపక్కల కాకులు ఎగిరిపోయేవి. తిట్టకుండా ఒక్క మాట కూడా నేర్పలేదు, అందుకే ఒక్కటీ మరిచిపోలేదు.

ముత్తుకూరు దాటాక పట్టపువాళ్లు, అంటే జాలర్లు, ఉండే ఒక పాలెంలో వీధి కుళాయి షాక్ కొడుతోందని ఫిర్యాదు వచ్చింది. నేను వెళ్లి విచారించాను. మగవాళ్లందరూ ముక్తకంఠంతో ‘ఏం కొట్టడం లేదు, ఆడోళ్లు ఊరికే అంటుండారు’ అన్నారు. పెద్దమనిషి కూడా అదే చెప్పాడు. నేను తిరిగొచ్చి ‘లోపం లేదు’ అని చెప్పాను. ఏఈ నన్ను జీపులో వేసుకుని మళ్లీ తీసుకెళ్లాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేల మీదకు చూస్తూ నిలబడ్డాడు.

“ఒరే, మగోళ్ల కాళ్లకేముండాయి?”

“చెప్పులు సార్. రబ్బరువి.”

“బిందెలు పట్టుకోని నిలబడుండారే, ఆడోళ్లు, వాళ్ల కాళ్లకు?”

ఏమీ లేవు. ఉత్త కాళ్లు, అదీ కుళాయి కింద బురదలో. కుళాయికి నీళ్లెక్కించే మోటారులో కరెంటు లీకవుతోంది, ఆ కరెంటు ఇనప పైపు వెంట నడిచి వచ్చి వాళ్ల ఒంట్లోంచి నేలలోకి దిగుతోంది.

“కొట్టలేదన్నోడి సాక్ష్యం తీసుకొచ్చినావే, నీకు జీతం ఎవురిచ్చినార్రా? కొట్టిందన్నోళ్లని అడగాల. ముందు కాళ్లు చూడాల. మొహాలు తర్వాత చూద్దువు గానీ.”

అక్కడున్న మగవాళ్లందరి ముందూ అన్నాడు. ఆ తర్వాత నేను ఏ ఇంటికి వెళ్లినా తల వంచుకునే వెళ్లేవాణ్ణి. జనం వినయం అనుకునేవాళ్లు.

అమ్మకు పడని కారు

ఇక అసలు సంగతికి వస్తాను. కోట నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఒక ఊళ్లో పెంచలయ్య అని రొయ్యల రైతు ఉన్నాడు. ఆ ఊరికంతటికీ మొదటి ఎలక్ట్రిక్ కారు అతనిదే. ఒకరోజు ఫోన్ చేశాడు.

“సార్, కారు మంచిదే. మా అమ్మకి పడడం లేదు.”

“పడకపోవడమంటే ఏంది నాయనా, వాంతులా?”

“కాదు సార్. షాక్ కొడతా ఉండాదంట. ఆమెకొక్కదానికే. అదీ శుక్రవారం మాత్రమే.”

నా సర్వీసులో రకరకాల షాకులు చూశాను. వారం చూసుకుని కొట్టే షాకును చూడలేదు. ఎప్పుడు రావాలని అడిగితే ‘మీ ఇష్టం సార్’ అన్నాడు. శుక్రవారం పొద్దున్నే వెళ్లాను.

పెంచలయ్యది పెద్ద మేడ. ముందు గచ్చు వాకిలి, పక్కన కారు పెట్టుకోవడానికి పోర్టికో. కారు ప్లగ్గుకు తగిలించి ఉంది, చార్జర్ మీద పచ్చలైటు వెలుగుతోంది. వాళ్ల అమ్మ రమణమ్మ వాకిలి కడిగి ముగ్గు వేసింది. తర్వాత తడిగుడ్డతో కారు తుడవడానికి వచ్చింది. ఆ ఇంట్లో పాత ట్రాక్టరు ఉన్న రోజుల నుంచీ శుక్రవారం నాడు బండి కడిగి పసుపూ కుంకుమా పెట్టడం ఆమె పని. మోటారుసైకిల్‌కు పెట్టింది, వ్యానుకు పెట్టింది, ఇప్పుడు దీనికి పెడుతోంది. కాకపోతే ఇది ఎదురు తిరుగుతోంది.

“చెయ్యి పెడితే జివ్వుమంటాది సార్,” అంది రమణమ్మ. “ముంజేతి దాకా పాకతాది. చెప్తే ఎవురూ నమ్మరు. నాకు మతి చెడిందంటుండారు.”

“ఎవురన్నారుమా అట్టా?” అన్నాడు పెంచలయ్య. “వయసు వల్ల నరాలు లాగతాయి అన్నాను. అంతే గదా. చూడండి సార్, నేను పట్టుకుంటా.” ఫటఫటా చెప్పులు మోగించుకుంటూ వచ్చి బానెట్ మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. “ఏముండాది? ఏం లేదు!”

వాళ్లు ఈ సమస్యకు అప్పటికే ఒక పరిష్కారం కూడా కనుక్కున్నారు. వాస్తు చూసే సిద్ధాంతి ఒకాయన వచ్చి, ఈ తెల్ల కారు రమణమ్మ నక్షత్రానికి సరిపడదు, ఆమె దాన్ని తాకకూడదు అని తేల్చాడట. కారుకు నక్షత్రం కుదరలేదని ఇంటి పెద్దావిణ్ణి పక్కకు పెట్టడం నేను అదే చూడటం. ఆమె మాత్రం వినలేదు. వేలి కొనలతో తాకీ తాకకుండా బొట్టు పెట్టి, ఉలిక్కిపడి, మళ్లీ పెడుతోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి షాక్ వల్ల వచ్చిన నీళ్లు కావు.

నేను మొహాలు చూడటం మానేసి కిందికి చూశాను. పెంచలయ్యకు మందపాటి రబ్బరు చెప్పులు. పనివాళ్లకు చెప్పులు. డ్రైవరుకు బూట్లు. పూజ చేసే రమణమ్మ ఒక్కతే ఉత్త కాళ్లతో తడి గచ్చు మీద ఉంది. మిగతా రోజుల్లో ఆమె ఈ కారు దగ్గరికే రాదు. శుక్రవారం గుట్టు అంతే. నక్షత్రాల దాకా పోనక్కర్లేదు, పాదాల దాకా చూస్తే చాలు.

ఓల్టేజి చూసే మీటరు తీసి ఒక కొన కారు ఒంటికి, ఇంకో కొన తడి నేలకు పెట్టాను. అంకె కదిలింది. చెప్పులున్నవాడికి తెలియదు, చెప్పుల్లేని మనిషికి తెలుస్తుంది, అంతుంది. పెంచలయ్యకు చూపించాను.

“మీ అమ్మకు మతి బాగానే ఉండాది. మీ ప్లగ్గుకే లేదు.”

చార్జర్ నోరు నొక్కేసిన వైరు ముక్క

మెయిన్ ఆపి ప్లగ్గు విప్పాను. అనుకున్నదే. న్యూట్రల్ నుంచి ఎర్త్ బొడిపెకు ఒక చిన్న వైరు ముక్క కలిపి ఉంది.

పిల్లలూ, ఇది బాగా వినండి. కారు చార్జర్ తెలివైనది. పని మొదలుపెట్టే ముందు ‘ఇంట్లో ఎర్త్ ఉందా?’ అని చూసుకుంటుంది. లేకపోతే ఎర్రలైటు వేసి మొరాయిస్తుంది. ఆ ఎర్రలైటు జబ్బు కాదు, మంచి బుద్ధి. మన వైర్‌మన్లు కొందరు దానికి ఒక చిట్కా కనిపెట్టారు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ ముడి పెట్టేస్తారు. చార్జర్ ఆ న్యూట్రల్‌నే ఎర్త్ అనుకుని మోసపోయి పచ్చలైటు వేస్తుంది. అది ఒక ప్రశ్న అడిగితే వీళ్లు దాని నోరు నొక్కేశారు. యజమాని సంతోషం, వైర్‌మన్ సంతోషం, షోరూము సంతోషం.

న్యూట్రల్ అంటే ఇంట్లో వాడుకున్న కరెంటు తిరిగి స్తంభానికి పోయే దారి. మా సముద్రపు ఉప్పుగాలికి స్తంభం మీద బిగింపులు తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతుంటాయి. బిగింపు వదులైతే కరెంటు తిరిగి పోలేక వెనక్కి కొంచెం తన్నుతుంది. ఆ కొంచెం ఈ ముడి గుండా కారు ఒంట్లోకి వచ్చి రమణమ్మ చేతికి జివ్వుమంటోంది. ఇక ఆ బిగింపు పూర్తిగా ఊడిపోయిందనుకోండి. ఇంట్లో లైటు వెలగదు, ఫ్యాను తిరగదు. కరెంటు పోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి అది ఎక్కడికీ పోదు. దారి లేక న్యూట్రల్ వైరులోనే నిలబడి, ముడి గుండా మొత్తం కారు మీదికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు ఉత్త కాళ్ల మనిషి కారు మీద చెయ్యి వేస్తే జివ్వుమనదు. ఆ మనిషి మళ్లీ లేవదు.

ఇలాంటప్పుడు ప్రాణం కాపాడటానికి బోర్డులో ఆర్‌సీసీబీ అని ఒకటి పెడతారు. కరెంటు పక్కదారి పట్టిందంటే టక్కున పడిపోతుంది. పెంచలయ్య ఇంట్లో అదీ ఉంది. ఉంది కానీ, వైర్లు దానిలోంచి కాకుండా పక్కనుంచి డైరెక్టుగా వేశారు. ‘మాటిమాటికీ పడిపోతాంది సార్, విసుగొచ్చి తీయించేసినా’ అన్నాడు పెంచలయ్య. కుక్క అరుస్తోందని విసుగొచ్చి కట్టేసి, దొంగకు తలుపు తీసినట్టుంది.

వైర్‌మన్ సుధాకర్‌ను పిలిపించాను. వాడు నన్ను చూసి తప్పించుకోలేక నిలబడ్డాడు.

“ఈ ముడి ఎవురు పెట్టినార్రా?”

“నేనే సార్. నన్నేం చెయ్యమంటారు? ఇల్లు కట్టినప్పుడు బ్రహ్మాండంగా ఎర్త్ గొయ్యి తవ్వి పెట్టినా. వాళ్లే పూడ్చుకున్నారు. కారొచ్చినాక ‘సాయంత్రానికి చార్జింగ్ ఎక్కాల, నువ్వేం చేస్తావో నాకు తెలీదు’ అన్నాడు అన్న. నేనేం చేస్తానో నేను చేసినా.”

“పూడ్చుకున్నారా? ఎందుకూ?”

పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ ఎర్త్ గొయ్యి ఇంటికి నైరుతి మూల ఉండేదట. ఆ ఏడాది గుంటల్లో వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి. సిద్ధాంతి వచ్చి ఇల్లంతా తిరిగి ఆ గొయ్యి దగ్గర ఆగాడు. నైరుతిలో గొయ్యి యజమానికి అరిష్టం, రొయ్యలు పోయింది దీనివల్లే అన్నాడు. వెంటనే పైపు పీకి, గొయ్యి పూడ్చి, పైన గ్రానైటు పరిచారు.

“తర్వాత పంట బంగారంగా వచ్చినాది సార్!” అన్నాడు పెంచలయ్య, నన్ను ఓడించినట్టు చూస్తూ.

రొయ్యలకు జబ్బు వస్తే గుంటలో మందు వేసే మనుషుల్ని చూశాను, నీళ్లు మార్చేవాళ్లను చూశాను. ఇంటి ఎర్త్ పీకేసే వైద్యం ఇక్కడే చూశాను. రొయ్యలు బతికాయి, సంతోషం. ఇప్పుడు అమ్మ వంతు వచ్చింది.

నేను ఆ వైరు ముక్కను కత్తిరించి తీసేశాను. మెయిన్ వేయగానే చార్జర్ మీద ఎర్రలైటు వెలిగింది. పెంచలయ్య మొహం కూడా దానికి తోడైంది.

“ఏంది సార్ ఇది! రొయ్యపిల్ల కొనేదానికి నెల్లూరు పోవాల నేను. బాగు చేస్తారని పిలిస్తే నడిచేదాన్ని నిలబెట్టినారు.”

“బస్సులో పో.”

“ఊళ్లో నవ్వతారు సార్. గొయ్యి తవ్వేదాకా ఆ ముక్క ఉండనీండి. నాలుగు రోజులకి ఏమవతాది?”

ఈ ‘నాలుగు రోజులకి ఏమవతాది’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నా సర్వీసులో నేను మోసిన శవాల వెనక ఈ మాట చాలాసార్లు ఉంది. మా లైన్‌మన్ల శవాలు కూడా. అది అతనితో అనలేదు. వైరు ముక్కను రమణమ్మ చేతిలో పెట్టాను.

“అమ్మా, నిన్ను కొట్టింది ఇదే. కారు కాదు, నీ నక్షత్రమూ కాదు. ఇది మళ్లీ ఆ ప్లగ్గులోకి పోయిందంటే ఈసారి కొట్టి ఊరుకోదు. ఎవురడిగినా ఇయ్యబాక. సుధాకరూ, ఇంకో ముక్క పెట్టినావంటే నీ లైసెన్సు సంగతి నేను చూసుకుంటా.”

రమణమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇంత లేదు, దీనికా ఇంత పొగరు!” అని నడుము దగ్గర చీర రొంట్లో దోపుకుంది.

సిద్ధాంతితో సంప్రదింపులు

కొత్త ఎర్త్ గొయ్యి తవ్వాలంటే సిద్ధాంతి ఒప్పుకోవాలన్నాడు పెంచలయ్య. సాయిబునైన నేను వాస్తు గురించి వాదించడమంటే ఊరికి వేడుకే. అయినా కూర్చున్నాను. సిద్ధాంతి మంచి మనిషే. చెడ్డవాడైతే తొందరగా తెమిలేది.

“గొయ్యి కుదరదండీ. నైరుతిలో అసలు కుదరదు.”

“ఆగ్నేయంలో పెడతాం సామీ. పోర్టికో అక్కడే ఉండాది. కరెంటంటే అగ్నే గదా?”

ఆయన కొంచెం మెత్తబడ్డాడు. “అగ్ని స్థానమే. కానీ గొయ్యి గొయ్యే.”

“గొయ్యంటే ఖాళీగా ఉండేది. మేం తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి నిండా పూడ్చేస్తాం. మీరు పూడ్చమంటారు, మేమూ పూడస్తాం. మన ఇద్దరి మధ్య తగవేముంది?”

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు లెక్క వేశాడు. చివరికి, పూడ్చిన గొయ్యికి దోషం లేదనీ, తవ్వడం మాత్రం ఆయన చెప్పిన రోజున మొదలుపెట్టాలనీ తేల్చాడు. మా డిపార్ట్‌మెంటులో ఒక స్తంభం పక్కకు జరపడానికి దీనికన్నా ఎక్కువ కాలం పట్టేది. కాబట్టి నేను సిద్ధాంతిని ఏమీ అనదలచుకోలేదు.

గొయ్యి తయారైంది. మాది ఇసక నేల, ఎండితే ఎర్త్ పట్టదు. వారానికోసారి ఆ పైపులో బిందెడు నీళ్లు పోయాలని చెప్పాను. మగవాళ్లెవరికీ అది గుర్తుండదని నాకు తెలుసు. ‘శుక్రవారం నేను పోస్తాలే సార్’ అంది రమణమ్మ. పోర్టికోలోకి విడిగా లావు వైరు వేయించి, ఆర్‌సీసీబీ మళ్లీ కలిపించి, మీటరు పెట్టి చూశాను. కారు ఒంటి మీద సున్నా. చార్జర్ ఈసారి నిజంగానే పచ్చలైటు వేసింది.

ఒకటి మాత్రం నా చేతిలో లేదు. స్తంభం మీది న్యూట్రల్ బిగింపు. ఆ ఊరి లైన్‌మన్‌కు చెప్పాను. ‘చూస్తాం సార్’ అన్నాడు. ఆ మాటను మా డిపార్ట్‌మెంటులో పెద్దలు చిన్నలకు భద్రంగా అందిస్తూ వస్తున్నారు. చూడటం వేరు, చూస్తాం వేరు. తర్వాత కూడా ఫోన్ చేశాను. అప్పుడూ చూస్తామనే అన్నాడు.

మళ్లీ ఒక శుక్రవారం

వానాకాలం మొదలైంది. ఒక రాత్రంతా సముద్రం మీద నుంచి గాలీ వానా కొట్టి, పొద్దున్నే తెరిపిచ్చింది. టీ తాగుతుంటే పెంచలయ్య ఫోన్.

“ఏం సార్, ఏం చేసినారు మా ఇంటికి? ఊరంతా కరెంటుండాది, మా ఇంట్లోనే లేదు. చార్జింగూ లేదు. నేను ముందే అనుకున్నా, ఆ గొయ్యి తవ్వినప్పుడే.”

ఊరంతా ఉండి ఒక్క ఇంట్లో లేదంటే నాకు ఒకటే తోచింది. టీ అక్కడే పెట్టేసి బండి తీశాను. దారంతా ఆ వైరు ముక్క గురించే ఆలోచన. రొంట్లో ఉందా, ప్లగ్గులో ఉందా? పెంచలయ్య తొందర నాకు తెలుసు, సుధాకర్ భయం ఎంతసేపు నిలుస్తుందో కూడా తెలుసు.

గేటు దగ్గర బండి ఆపేసరికి వాకిలి నిండా వాన నీళ్లు. కారు ప్లగ్గుకు తగిలించే ఉంది. రమణమ్మ ఉత్త కాళ్లతో చీలమండల దాకా నీళ్లలో నిలబడి, రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి పసుపు రాస్తోంది.

“అమ్మా!” అని అరిచాను.

ఆమె తాపీగా తిరిగి చూసింది. “కరెంటు లేదు గదా సార్. ఈరోజు అసలే కొట్టదులే అని బాగా రాస్తుండా.”

నేను స్తంభం వైపు చూశాను. న్యూట్రల్ వైరు బిగింపు తెగి ఒక పక్కకు వేలాడుతోంది. పోర్టికోలోకి వెళ్లి పక్క ప్లగ్గులో టెస్టర్ పెట్టాను. ఫేజు కన్నంలో వెలిగింది. న్యూట్రల్ కన్నంలోనూ వెలిగింది. ఎర్త్ కన్నంలో వెలగలేదు. తర్వాత మీటరు తీసి కారు ఒంటికీ నేలకూ పెట్టాను. సున్నా. మెయిన్ ఆపేసి, కారు ప్లగ్గు పీకాను.

పెంచలయ్య ఇంట్లోంచి వచ్చాడు. “చూసినారా సార్? అంత ఖర్చు పెట్టించి, గొయ్యి తవ్వించి, ఉన్న కరెంటూ పోగొట్టినారు.”

మా పని ఇలాంటిదే, పిల్లలూ. మీరు బాగా చేశారంటే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరూ శాలువా కప్పరు. తిడతారు. ఆ తిట్లు దాచుకోండి, అవే మీకు దక్కే సన్మానం.

“పెంచలయ్యా, మీ ఇంట్లో ఫ్యాన్ స్విచ్చి వేసుందా?”

“వేసే ఉండాది. తిరగడం లేదు.”

“అది తిరగకుండా ఉండాదే, ఆ కరెంటంతా న్యూట్రల్లో నిలబడుండాది. ఇప్పుడే టెస్టర్‌తో చూసినా. పాత ముక్క ఆ ప్లగ్గులో ఉండుంటే అదంతా ఈ కారు మీద ఉండేది. మీ అమ్మ ‘కరెంటు లేదు’ అనుకోని దాని మీద రెండు చేతులూ పెట్టింది.”

అతను నా వైపు చూశాడు. తర్వాత స్తంభం మీద వేలాడుతున్న వైరును చూశాడు. తర్వాత అమ్మ చేతులు చూశాడు, పసుపు అంటుకున్న అరచేతులు. చివరికి ఆమె కాళ్లు చూశాడు. ఇన్నాళ్లకు చూశాడు.

“ఆ ముక్క కోసం నేనడిగినా సార్,” అన్నాడు మెల్లగా. “మొన్నీమధ్య మీటరు పక్కన ఎర్త్ వైరు మార్చేటప్పుడు చార్జింగ్ ఎక్కకపోతే, ఒక్క పూటకి ఇయ్యిమా అన్నా. ఇయ్యలేదు. తిట్టినా కూడా.”

రమణమ్మ రొంట్లో చెయ్యి పెట్టి తడుముకుంది. ముక్క అక్కడే ఉంది. “నువ్వు తిట్టినప్పుడే అనుకున్నా, ఇది ఇయ్యకూడదని.”

పెంచలయ్య మెట్టు దగ్గర చెప్పులు విడిచాడు. ఉత్త కాళ్లతో నీళ్లలోకి దిగి, అమ్మ పక్కన నిలబడి, బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

“కొట్టడం లేదు గదా నాయనా?” అంది రమణమ్మ.

“లేదుమా.”

“అప్పుడు కొట్టిందిరా. నిజంగానే కొట్టింది.”

“కొట్టిందిమా,” అన్నాడు పెంచలయ్య. “కొట్టింది.”